వర్షంలో విద్యుత్ వెచ్చదనం: మోటార్‌సైకిల్ ‘హీటెడ్’ దుస్తులు తడిలో ఎంతవరకు ఆదుకుంటాయి?

చలి ప్రాంతాల్లో మోటార్‌సైకిల్‌పై దూరప్రయాణాలు చేసేవారు బండి బ్యాటరీతో వేడెక్కే జాకెట్లు, గ్లౌజులు ధరించడం సుమారు అయిదు దశాబ్దాలుగా ఉన్న అలవాటు. లద్దాఖ్, స్పితి దారులు పట్టే తెలుగు యువకులు కూడా ఇప్పుడు వీటి గురించి ఆరా తీస్తున్నారు. కొనబోయేవారికి మొదట వచ్చే సందేహం ఒకటే: వానలో తడిస్తే షాక్ కొడుతుందా? 12 వోల్టుల దుస్తులతో ఆ భయం అక్కరలేదు. ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్న మరొకటి ఉంది. తడిసిన బట్టల నుంచి గాలి లాక్కుపోయే వేడి ముందు ఈ జాకెట్టు ఇచ్చే వేడి నిలబడగలదా? ఒంటికి నీరు చేరకుండా చూసుకున్నంత కాలమే నిలబడుతుంది. విద్యుత్తుతో వేడెక్కే దుస్తులు రెయిన్‌కోటుకు తోడు మాత్రమే. దాని స్థానాన్ని అవి భర్తీ చేయలేవు.

దుస్తుల్లో ఏముంటుంది

వీటి నిర్మాణం సరళం. జాకెట్టు లోపల వేసుకునే పలుచని లైనింగులో, రెండు పొరల వస్త్రం నడుమ, సన్నని లోహపు తీగలను లేదా కార్బన్ నారను వంపులు తిప్పుతూ అమరుస్తారు. వాటి గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు నిరోధం వల్ల వేడి పుడుతుంది. ఇస్త్రీపెట్టెలో జరిగేదీ ఇదే. బండి బ్యాటరీకి కలిపే 12 వోల్టుల పూర్తి చేతుల లైనింగు సాధారణంగా 75 నుంచి 100 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. గ్లౌజుల జతకు 20 నుంచి 30 వాట్లు, ప్యాంటు లైనింగుకు 40 వాట్లకు అటూ ఇటూ కావాలి. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం పుట్టించే వేడి సుమారు 100 వాట్లు. అంటే హీటెడ్ జాకెట్టు తొడుక్కోవడం మరో మనిషి ఒంటి వేడిని అరువు తెచ్చుకోవడంతో సమానం. అది చిన్న సహాయం కాదు, అలాగని తరగని నిధీ కాదు.

ఈ ఆలోచన రోడ్డు మీద పుట్టలేదు, ఆకాశంలో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే వైమానికుల కోసం విద్యుత్ దుస్తులు తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల సిబ్బంది, లోపలి గాలిపీడనాన్ని నియంత్రించే ఏర్పాటు లేని విమానాల్లో, సున్నా కంటే 40 డిగ్రీల సెల్సియస్ దిగువన గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. వారికిచ్చిన తొలి సూట్లలో తీగలన్నీ ఒకే వరుసలో కలిపి ఉండటంతో, ఎక్కడ తెగినా సూటంతా చల్లబడేది. తర్వాతి నమూనాల్లో సమాంతర వలయాలు పెట్టి ఆ లోపాన్ని సరిదిద్దారు. మోటార్‌సైకిళ్ళ విషయానికి వస్తే, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన గోర్డన్ గెర్బింగ్ 1970లలో తయారుచేసిన దుస్తులు ఈ రంగంలో పేరుపొందాయి. నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో ఎందరో తెలుగువారు స్థిరపడిన సియాటెల్ కూడా ఆ రాష్ట్రంలోనిదే. అక్కడి పసిఫిక్ తీరం వైపు ప్రాంతాల్లో శరత్కాలం నుంచి వసంతం దాకా సన్నటి చల్లని వాన వదలదు. హీటెడ్ దుస్తులకు ఎండుచలి కంటే తడిచలి పెద్ద పరీక్ష అని అక్కడి వాతావరణం చూస్తేనే తెలుస్తుంది.

తడి ఎంత వేడిని తింటుంది

వానలో చలి ఎక్కువగా అనిపించడానికి కారణం వాన నీరు చల్లగా ఉండటమేనని సాధారణంగా అనుకుంటారు. లెక్క వేస్తే అది చిన్న కారణమని తేలుతుంది. 5 డిగ్రీల చల్లని నీరు ఒక లీటరు బట్టల్లోకి ఇంకి, ఒంటి వేడికి 30 డిగ్రీలకు చేరడానికి సుమారు 105 కిలోజౌళ్ళు కావాలి. గంట వ్యవధిలో చూస్తే అది 29 వాట్లకు సమానం. ఏ మంచి లైనింగైనా దాన్ని భరిస్తుంది. అదే లీటరు నీరు ఆ గంటలో ఆవిరైపోవాలంటే సుమారు 2,430 కిలోజౌళ్ళు, అంటే 675 వాట్లు కావాలి. తేడా ఇరవై రెట్లకు పైమాటే.

అంత నీరు గంటలో ఆవిరి కాకపోవచ్చు. 150 గ్రాములు, అంటే చిన్న గ్లాసెడు నీరు ఆవిరైనా చాలు, 100 వాట్ల వేడి పోయినట్లే. హీటెడ్ లైనింగు గంటసేపు ఇచ్చినదంతా ఆ గ్లాసెడు నీటికే సరిపోతుంది. అయితే ఈ వేడి మొత్తం శరీరం నుంచే రాదు. పైబట్ట ఒంటికి దూరంగా ఉంటే, ఆవిరికి కావలసిన వేడిలో కొంత గాలి నుంచి కూడా అందుతుంది. తడిసిన పొర చర్మానికి ఎంత దగ్గరైతే, ఆ భారం అంత ఎక్కువగా శరీరం మీదా, తీగల మీదా పడుతుంది. లోచొక్కా తడిసినవాడికీ, రెయిన్‌కోటు పైభాగం మాత్రమే తడిసినవాడికీ మధ్య తేడా అదే.

రెండో నష్టం వాహకత వల్ల. ఉన్ని, దూది, స్పాంజి వంటివి వెచ్చగా ఉంచేది వాటిలో చిక్కుకున్న గాలి. నీరు ఆ గాలి చోటును ఆక్రమిస్తే పరిస్థితి తిరగబడుతుంది, ఎందుకంటే నిశ్చలమైన గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని దాటిస్తుంది. ఇక మూడోది వేగం. ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్నప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, గాలి చలి సూచీ ప్రకారం బయటికి కనిపించే చర్మానికి అది సుమారు మైనస్ 3 డిగ్రీలతో సమానం. ఆ సూచీని పొడి చర్మానికి లెక్కగట్టారు. తడి చర్మం పరిస్థితి ఇంకా కష్టం.

కొంకర్లు పోయిన వేళ్ళు

హీటెడ్ దుస్తులకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కానీ చలికి వేళ్ళు వంగి బిగుసుకుపోయి, చెప్పినట్లు వినని స్థితికి ‘కొంకర్లు పోవడం’ అనే కచ్చితమైన మాట తెలుగులో ఉంది. మోటార్‌సైకిల్ నడిపేవారికి అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది. వేళ్ళ చర్మం ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల కంటే పడిపోతే సున్నితమైన కదలికలు మందగిస్తాయి. ముందు బ్రేకు, క్లచ్చు, ఇండికేటరు అన్నీ వేళ్ళతో చేసే పనులే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. బ్రేకు పట్టడంలో ఒక్క సెకను ఆలస్యమైతే, తడిరోడ్డు మీద అప్పటికే పెరిగిన ఆగే దూరానికి ఆ 17 మీటర్లూ అదనం.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. అందుకు ఎముకలు కొరికే మంచు అవసరం లేదు. 8, 10 డిగ్రీల వానలో, గాలికి ఎదురుగా, తడిసిన బట్టలతో కొన్ని గంటలు గడిస్తే చాలు. మొదట వణుకు పుడుతుంది. కండరాలు వణికి వేడిని పుట్టించుకోవడం శరీరం చేసే ఆత్మరక్షణ. ఆ తర్వాత మాట తడబడుతుంది, నిర్ణయాలు తప్పుతాయి. ‘ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా’ అనిపించడం కూడా ఆ లక్షణాల్లో భాగం కావచ్చు. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయిందంటే అది కోలుకుంటున్న గుర్తు కాదు, ప్రమాదం ముదిరిన గుర్తు.

గ్లౌజుల కంటే ముందు జాకెట్టు లైనింగు కొనమని అనుభవజ్ఞులు సలహా ఇవ్వడానికి కారణం శరీర ధర్మంలోనే ఉంది. లోపలి వేడి తగ్గుతున్నప్పుడు శరీరం గుండె, మెదడు వంటి అవయవాలను కాపాడుకునేందుకు చేతులకు, కాళ్ళకు రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. ఛాతీ వెచ్చగా ఉంటే ఆ అవసరం తగ్గి, రక్తం వేళ్ళ దాకా వెళ్తుంది. ఒక్క వస్తువుకే డబ్బున్నవారికి లైనింగే సరైన ఎంపిక. వేడెక్కే హ్యాండిల్ గ్రిప్పులు చౌకైనవే గానీ, అవి అరచేతిని వేడిచేస్తాయి. గాలీ వానా తగిలేది చేతి వెనుక భాగానికి. హీటెడ్ గ్లౌజుల్లో తీగలు ఆ వెనుక వైపే సాగుతాయి.

ఏది పైన, ఏది లోపల

వాన రోజున పొరల వరుస తప్పితే ఎన్ని వాట్లున్నా ఉపయోగం ఉండదు. చర్మాన్ని ఆనుకుని చెమటను పీల్చి వదిలే పలుచని ఉన్ని లేదా పాలిస్టర్ లోచొక్కా ఉండాలి. నూలు బనీను తడిస్తే ఆరదు కనుక అది పనికిరాదు. దాని మీద హీటెడ్ లైనింగు రావాలి. వదులుగా వేలాడితే వేడి మధ్యలోని గాలికి పోతుంది కాబట్టి లైనింగు ఒంటిని హత్తుకుని ఉండాలి. దాని మీద రక్షణ కవచాలున్న రైడింగ్ జాకెట్టు, అన్నిటికంటే పైన నీరు చొరని రెయిన్‌కోటు వేసుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మార్కెట్లోని అనేక రైడింగ్ జాకెట్లలో నీటిని ఆపే పొర లోపలి వైపు, విడిగా జిప్పుతో తగిలించేలా ఉంటుంది. దానితో ఒళ్ళు తడవకపోవచ్చు. కానీ దాని బయట ఉన్న మందపాటి జాకెట్టు గుడ్డ నీళ్ళు పీల్చి బరువెక్కి, గాలికి ఆవిరవుతూ చల్లటి చుట్టలా ఒంటిని పట్టి ఉంటుంది. ఎండాకాలంలో కిటికీకి వేలాడదీసిన తడి వట్టివేళ్ళ తడికను తలపించే ఏర్పాటు ఇది. లోపలి తీగలు ఆ తడికను వేడిచేస్తూ కూర్చుంటాయి. అందుకే జాకెట్టు ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్నా, పైన మరో రెయిన్‌కోటు వేసుకోవడం దండగ కాదు. అయితే రెయిన్‌కోటు బిరుసుగా, బిగుతుగా ఉంటే కింది పొరల్లోని గాలి నలిగిపోయి వెచ్చదనం తగ్గుతుంది. ఒక సైజు పెద్దది తీసుకోవడం మేలు.

గోర్‌టెక్స్ వంటి, ఆవిరిని బయటికి పోనిచ్చే పొరలకు హీటెడ్ లైనింగు కొంత సాయం చేస్తుంది. లోపల వేడి, ఆవిరి పీడనం పెరిగితే చెమట ఆవిరి బయటికి నెట్టుకుపోతుంది. పైగుడ్డ పూర్తిగా నానితే మాత్రం ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు కంట్రోలరును పూర్తి స్థాయిలో తిప్పి చెమట పట్టించుకుంటే, వాన చేయలేని పనిని చెమట చేస్తుంది. ‘వెచ్చగా ఉంది’ అనిపించే దాకా కాకుండా, ‘చలిగా లేదు’ అనిపించే చోట కంట్రోలరు ఆపడం వానలో పాటించదగిన కొలమానం. వణుకు మొదలయ్యాక వేయడం కంటే, బయలుదేరిన కొద్దిసేపటికే తక్కువ స్థాయిలో వేసుకోవడం మంచిది.

నీరు లోపలికి దూరే చోట్లు మూడు: కాలరు, ముంజేతులు, ఒడి. వానలో గ్లౌజు చేయిపట్టీ జాకెట్టు చేతి లోపల ఉండాలా, బయట ఉండాలా అన్న చర్చకు అంతు లేదు. హ్యాండిల్ ఎత్తుగా ఉండి మోచేయి కంటే ముంజేయి పైకి ఉంటే, నీరు గ్లౌజు మీదుగా మోచేతి వైపు జారుతుంది. అప్పుడు గ్లౌజు బయట ఉంటే నీరు లోపలికి దిగదు. హ్యాండిల్ కిందికి ఉండి చేయి వాలితే రెయిన్‌కోటు చేతిని గ్లౌజు మీదికి లాగాలి. ఇక సీటుకూ ట్యాంకుకూ మధ్య ఒడిలో నీరు మడుగు కడుతుంది. జాకెట్టును బండికి కలిపే ప్లగ్గు తరచూ అక్కడే ఉండటం ఈ దుస్తుల దురదృష్టం.

చిలుము, ఫ్యూజు, ప్లగ్గు

12 వోల్టుల ఏకదిశా విద్యుత్తు తడి చర్మం గుండా కూడా ప్రమాదకరమైనంత కరెంటును ప్రవహింపజేయలేదు. కాబట్టి నీటిలో షాక్ భయం లేదు. ప్రమాదం మరో రూపంలో ఉంది. 90 వాట్ల లైనింగు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంట్లో 230 వోల్టుల మీద 1,500 వాట్ల గీజరు తీసుకునేది కూడా దాదాపు అంతే. వోల్టేజి చిన్నదైనా కరెంటు పెద్దది. తీగ ఒరుసుకుని షార్ట్ అయితే బ్యాటరీ అంతకు ఎన్నో రెట్ల కరెంటును కుమ్మరించి తీగను కాల్చేయగలదు. అందుకే లైనింగుకు విడిగా, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, తయారీదారు సూచించిన విలువ గల ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో రాగి తీగ చుట్టే మన పాత అలవాటు ఒంటికి చుట్టుకున్న విద్యుత్ వలయం విషయంలో ఏమాత్రం పనికిరాదు.

వాన చేసే అసలు నష్టం నెమ్మదిగా జరుగుతుంది. ప్లగ్గులో నీరు నిలిచి, కరెంటు ప్రవహిస్తూ ఉంటే, లోహపు పిన్నులు క్షీణించి వాటి మీద చిలుము పడుతుంది. రోడ్డు మీది మురికి నీరు వాన నీటి కంటే ఎక్కువ హాని చేస్తుంది. చిలుము వల్ల ప్లగ్గులో 0.2 ఓముల నిరోధం ఏర్పడిందనుకుంటే, 7 ఆంపియర్ల వద్ద అక్కడే దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత ప్లాస్టిక్ ప్లగ్గు కరగడానికి అది చాలు. వేసవంతా బాగున్న జాకెట్టు తొలి వానలో చల్లబడిందంటే, తీగల కంటే ముందు ప్లగ్గును అనుమానించాలి. పిన్నులకు కొద్దిగా సిలికాన్ గ్రీజు పూయడం, వాడనప్పుడు రబ్బరు మూత పెట్టడం సగం సమస్యను తీరుస్తాయి. మిగతా సగం తీగ సాగే దారిలో ఉంది. ప్లగ్గు కంటే తీగ కిందికి వంగి మళ్ళీ పైకి వచ్చేలా ఉంచితే, తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది. ఇంటి గోడలోంచి బయటికి వచ్చే కేబుళ్ళకు ఎలక్ట్రీషియన్లు పెట్టే వంపు ఇదే.

వానలో ప్లగ్గు ఊడకుండా టేపు చుట్టాలనిపించడం సహజం. అలా చేయకూడదు. బండి పడిపోయినప్పుడు మనిషీ బండీ విడివడేలా, కొద్దిపాటి లాగుడుకే ఊడేట్లు ఆ ప్లగ్గును రూపొందిస్తారు. దాన్ని బిగించడమంటే జారిపోతున్న బండికి తనను తాను కట్టేసుకోవడమే.

బండి ఎంత ఇవ్వగలదు

పెద్ద టూరింగ్ బళ్ళకు ఈ సమస్య ఉండదు. హోండా గోల్డ్‌వింగ్ 1800 తొలి నమూనా ఆల్టర్నేటరు సామర్థ్యం 1,100 వాట్లు. రోజువారీ ప్రయాణాలకు ఉద్దేశించిన చిన్న బండి పుట్టించే విద్యుత్తు దాని సొంత అవసరాలకు కొద్దిగా మించి ఉంటుంది, అంతే. పైగా భారత్‌లో 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన ఉంది. భద్రతకు అది మంచిదే. కానీ హాలోజన్ బల్బున్న బళ్ళలో ఆ 35 వాట్లను ఆపి జాకెట్టుకు మళ్ళించే వీలు రైడరుకు లేదు.

కొనేముందు బండి మాన్యువల్‌లో ఆల్టర్నేటరు వాట్లు చూసి, హెడ్‌లైటు, ఇగ్నిషన్, ఇంధన పంపు వంటి వాటి అవసరం తీసేయగా మిగిలేదెంతో లెక్క వేసుకోవాలి. ఆ అంకె కూడా ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పటిదే. కనుమ మీద ట్రాఫిక్ ఆగిపోయి, ఇంజిన్ మెల్లగా తిరుగుతూ, లైనింగు నిండుగా వేడెక్కుతుంటే లోటు బ్యాటరీ మీద పడుతుంది. చిన్న వోల్టుమీటరు తగిలించుకుంటే ఇది కళ్ళముందే తెలుస్తుంది. నడుస్తున్న బండిలో 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండవలసిన అంకె 12.8 కంటే దిగితే జాకెట్టు ఆపేయవలసిందే. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున, వానలో, స్టార్ట్ కాని బండి కంటే చల్లని జాకెట్టే నయం.

హారన్ తీగ నుంచో, మొబైల్ ఛార్జింగ్ పాయింటు నుంచో కనెక్షన్ లాగడం రోడ్డుపక్క షాపుల్లో కనిపించే పద్ధతి. ఆ తీగలు 7 ఆంపియర్లకు ఉద్దేశించినవి కావు. ఇగ్నిషన్‌తో పాటే ఆగిపోయేలా రిలే పెట్టించి, బ్యాటరీ నుంచి నేరుగా కొత్త తీగ వేయించడమే సరైన పని.

అటల్ టన్నెల్ దాటాక

మనాలీ నుంచి లేహ్ వెళ్ళే దారి ఈ దుస్తులకు నిజమైన పరీక్షాస్థలం. జులై, ఆగస్టు నెలల్లో రుతుపవనాలు కులూ లోయను తడిపేస్తాయి. మనాలీ ఎత్తు సుమారు 2,050 మీటర్లు, దారిలోని బారాలాచా కనుమ ఎత్తు 4,890 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందన్న సాధారణ లెక్కతో, మనాలీలో 18 డిగ్రీలున్న రోజున కనుమపై సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఉదయం హోటల్ ముంగిట వేసుకున్న బట్టలు మధ్యాహ్నానికి సరిపోకపోవడానికి ఈ ఒక్క లెక్కే చాలు.

ఈ దారిలో మరో చిక్కు ఉంది. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్, రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే సుమారు 3,100 మీటర్ల ఎత్తున కొండను దాటిస్తుంది. సొరంగానికి దక్షిణాన వాన లోయ, ఉత్తరాన వర్షచ్ఛాయలో ఉండే లాహౌల్. తడిసి ముద్దయి సొరంగంలో ప్రవేశించినవారు కొద్ది నిమిషాల్లోనే పొడిగాలిలోకి వస్తారు. వాన ఆగిందని ఊపిరి పీల్చుకునే ఆ క్షణంలోనే చలి అసలు దెబ్బ తీయవచ్చు, ఎందుకంటే పొడిగాలిలో తడి బట్టలు మరింత వేగంగా ఆవిరవుతాయి, ఆ వేడి ఒంటి నుంచీ పోతుంది. సొరంగం దాటాక ఆగి తడి లోచొక్కా మార్చుకోవడం, తడిసిన జాకెట్టు మీద రెయిన్‌కోటు విప్పకుండా ఉంచడం లైనింగు స్థాయి పెంచడం కంటే ఎక్కువ ఫలితమిస్తాయి. ఎండలో రెయిన్‌కోటేమిటని తోటివారు నవ్వినా సరే.

లాహౌల్, లద్దాఖ్‌లలో రోడ్డును దాటే వాగులు మంచు కరిగిన నీటితో మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. బూటు లోపలికి ఆ నీరు చేరితే హీటెడ్ సాక్సు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అది పాదాన్ని కాక బూటెడు నీటిని వేడిచేస్తుంది. మోకాళ్ళ దాకా వచ్చే నీరు చొరని బూటు తొడుగులు, మరో జత పొడి సాక్సులు అక్కడ ఉపయోగపడతాయి. వీలైతే వాగులను ఉదయమే దాటాలి.

బండిని మనాలీలోనో లేహ్‌లోనో అద్దెకు తీసుకునేవారికి వైరింగు మార్చే స్వేచ్ఛ ఉండకపోవచ్చు. అలాంటివారికి లిథియం బ్యాటరీతో నడిచే 7.4 వోల్టుల దుస్తులు, పవర్‌బ్యాంకుకు కలిపే 5 వోల్టుల జాకెట్లు దొరుకుతున్నాయి. వాటి మీద పెట్టుకునే ఆశకు హద్దుండాలి. 7.4 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 37 వాట్ అవర్ల శక్తి. 15 వాట్ల చొప్పున వాడితే రెండున్నర గంటలు, చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది కనుక ఇంకా తక్కువ. వాన రోజున రోజంతా ఆదుకునే వస్తువు కాదిది, కనుమ ఎక్కి దిగే గంటన్నరకు దాచుకోవలసిన వస్తువు. బ్యాటరీ ఉండే జేబులోకి నీరు చేరకుండా చూడటం ముఖ్యం. తడిసి ఉబ్బిన లిథియం ప్యాక్‌ను మళ్ళీ ఛార్జింగుకు పెట్టకూడదు. విమానంలో లేహ్ చేరేవారు ఈ బ్యాటరీలను చేతిసంచిలోనే తీసుకెళ్ళాలి, చెక్‌ఇన్ సామానులో అనుమతి ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో వీటి అవసరం చాలా తక్కువ. లంబసింగి, అరకు దారుల్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగమంచు బట్టలను తడిపి చేతులను కొంకర్లు పోనిచ్చే మాట నిజమే. కానీ అది గంట రెండు గంటల ప్రయాణం, పొద్దెక్కితే ఎండ వస్తుంది. స్వెట్టరు, గాలి చొరని రెయిన్‌కోటు, మంచి గ్లౌజులు, దారిలో ఒక వేడి టీ అక్కడికి సరిపోతాయి.

చర్మం, ఉతుకు, నిల్వ

హీటెడ్ దుస్తులతో కాలిన గాయాలు అరుదైనా అసాధ్యం కాదు. మరిగే వేడి అవసరం లేదు. 44 డిగ్రీల వస్తువు సుమారు ఆరు గంటలు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటే గాయం కాగలదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ వ్యవధి వేగంగా తగ్గి, 50 డిగ్రీల వద్ద నిమిషాల్లోకి వస్తుంది. తడిసిన గుడ్డ తీగ వేడిని చర్మానికి మరింత సూటిగా చేరవేస్తుంది. చలికి మొద్దుబారిన చర్మానికి ఆ మంట తెలియదు. మధుమేహం వల్ల చేతులు, కాళ్ళలో స్పర్శ తగ్గినవారు గ్లౌజులు, సాక్సుల విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి. తీగల లైనింగును నేరుగా చర్మం మీద వేసుకోవద్దన్న తయారీదారుల హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది.

ప్రయాణం ముగిశాక తడిసిన లైనింగును కుర్చీ మీద పడేయకుండా, హ్యాంగరుకు తగిలించి నీడలో ఆరబెట్టాలి. త్వరగా ఆరుతుందని విద్యుత్తు పెట్టి మడిచి ఉంచితే మడత దగ్గర వేడి పోగుపడి తీగ మాడుతుంది. పిండటం, వాషింగ్ మెషిన్‌లో తిప్పడం తీగలను లోలోపల తుంచేస్తాయి. చేత్తో ముంచి తీయడం చాలు, ఉతికేముందు బ్యాటరీని, కంట్రోలరును విప్పేయాలి. వానాకాలం ముగిసి మళ్ళీ తీసినప్పుడు మల్టీమీటరుతో ఒకసారి చూసుకుంటే బండికి కలపకుండానే పరిస్థితి తెలుస్తుంది. 90 వాట్ల లైనింగు ప్లగ్గు రెండు కొనల మధ్య సుమారు 2 ఓములు చూపాలి. అంతకు చాలా ఎక్కువ చూపితే ఏదో ఒక పాయ తెగినట్లు లేదా ప్లగ్గులో చిలుము చేరినట్లు. సున్నాకు దగ్గరగా చూపితే లోపల తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. ఆ లైనింగును మరమ్మతు అయ్యేదాకా బండికి కలపకూడదు.